మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ, ఊరి వలలు: తీరగ్రామాల ప్రశ్నలకు జవాబులు

మన తీరం వెంట మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలు, ఉప్పు గోదాములు, 1994-95లో తెల్లమచ్చ వైరస్ దెబ్బకు ఆగిపోయి మళ్లీ తెరుచుకోని టైగర్ రొయ్య హేచరీలు చాలా ఉన్నాయి. వాటిని ఊరి వేటకు ఎలా వాడుకోవచ్చని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈ నెల జవాబులు.

ప్రశ్న: మాది పూడిమడక దగ్గర ఊరు. ఊరి చివర ఐసు ఫ్యాక్టరీ పన్నెండేళ్లుగా మూసి ఉంది. వలలు బాగుచేసుకోడానికి, బోటు మోటార్లు పెట్టుకోడానికి మా సంఘం దాన్ని తీసుకోవాలనుకుంటోంది. యంత్రాలు పాత ఇనుముకి అమ్మేసి లోపలికి వెళ్లిపోవచ్చా?

జవాబు: పాత ఇనుము వాళ్లను ముందుగా మాత్రం పిలవకండి. ఐసు ఫ్యాక్టరీ అంటే అమ్మోనియా, నీళ్లను గడ్డకట్టించే చల్లదనం ఇచ్చే గ్యాసు. కరెంటు తీసేసి పన్నెండేళ్లయినా రిసీవర్ ట్యాంకు అడుగున, నూనె చేరే డబ్బా (ఆయిల్ పాట్)లో, రెండు వాల్వుల మధ్య బిగిసిన పైపు ముక్కలో ద్రవ అమ్మోనియా మిగిలి ఉండొచ్చు. గ్యాస్ కట్టర్‌తో ఆ పైపు కోసినవాడికి తప్పించుకునే సమయం ఉండదు. గాలిలో పది లక్షల పాళ్లలో 300 పాళ్లు ఉంటే చాలు, ప్రాణానికి ముప్పు. అమ్మోనియా ప్లాంట్లు నడిపిన అనుభవమున్న మెకానిక్‌తోనే ఖాళీ చేయించండి. మిగిలింది కొద్దిగా అయితే గొట్టం ద్వారా నీళ్లలోకి వదిలి కరిగిస్తారు. కిలో అమ్మోనియాకు ఎనిమిది, తొమ్మిది లీటర్ల నీళ్లకు తక్కువ కాకూడదు. ఆ నీళ్లను వాగులోకో ఉప్పుటేరులోకో వదిలారా, చేపపిల్ల మిగలదు. అవి ఎక్కడికి పోవాలో పని మొదలెట్టకముందే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో అడిగి రాయించుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ మిగిలి ఉంటే దాని నూనెకూ ఇదే పద్ధతి, నేలమీద పారబోయొద్దు.

తర్వాత చూడాల్సింది ఉప్పునీటి తొట్టి. ఐసు డబ్బాలు దించే ఆ తొట్టి చుట్టూ ఉన్న కాంక్రీటు ఏళ్ల తరబడి ఉప్పు పీల్చుకుని ఉంటుంది. పైకి గట్టిగా కనిపిస్తూనే లోపల ఇనప కమ్మీని తుప్పు తినేసి ఉండటం ఇక్కడే ఎక్కువ. స్తంభాలన్నింటినీ నేల నుంచి ఐదడుగుల దాకా చిన్న సుత్తితో కొడుతూ వినండి. ఖంగుమంటే పరవాలేదు. డొల్లగా డబడబమంటే పైపొర విడిపోయినట్టు, అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. ఆ తర్వాత స్తంభం అంచున కొద్దిగా చెక్కి, తాజా ముఖం మీద ఒక శాతం ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లాలి. గులాబీ రంగు వస్తే కమ్మీని తుప్పు నుంచి కాపాడే క్షారం కాంక్రీటులో ఇంకా ఉంది. కమ్మీ లోతు దాకా రంగు రాకపోతే కమ్మీకి రక్షణ పోయినట్టే. అయితే సముద్రం పక్కన ఈ పరీక్ష ఒక్కటే చాలదు. గులాబీ రంగు వచ్చిన చోట కూడా ఉప్పు వల్ల తుప్పు పడుతుంది. కమ్మీ లోతులో డ్రిల్లు పొడి తీసి ల్యాబులో క్లోరైడు (ఉప్పులో తుప్పు పట్టించే భాగం) ఎంతుందో చూపించండి. కొత్త ఆర్‌సీసీకి, అంటే కమ్మీ వేసిన కాంక్రీటుకి, భారతీయ ప్రమాణం ఐఎస్ 456 పెట్టిన హద్దు ఘనమీటరుకు 0.6 కిలోలు. దానికి ఎన్ని రెట్లు వస్తే అంత పని ఉన్నట్టు.

ఇక్కడ మేస్త్రీలు మామూలుగా చేసే తప్పు ఒకటుంది. పగిలిన చోట సిమెంటు పామేసి సున్నం కొట్టేస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ అతుకు పక్కనే కొత్త పగులు వస్తుంది. కారణం మేస్త్రీ పనితనం కాదు. శుభ్రమైన కొత్త అతుకులో ఉన్న కమ్మీకీ, పక్కన ఉప్పు పట్టిన కాంక్రీటులో ఉన్న కమ్మీకీ మధ్య చిన్న బ్యాటరీ లాంటిది ఏర్పడి, పక్కది ముందుకన్నా తొందరగా తుప్పు పడుతుంది. కాబట్టి కమ్మీ వెనక కనీసం అంగుళం లోతు దాకా, ఉప్పు పట్టిన భాగం మొత్తం చెక్కేయాలి. కమ్మీని చుట్టూ తళతళలాడేలా రుద్ది, బాగా సన్నబడిన చోట జోడు కమ్మీ వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాలి. కొత్తగా పోసే స్తంభమైతే, అలల తుంపర పడే చోట ఎం35 రకం గట్టి కాంక్రీటు, కమ్మీ మీద 50 మిల్లీమీటర్ల కవరు, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు మందం. 25 మిల్లీమీటర్ల కవరు బిళ్లలు పెట్టి సరిపోతుందనేవాళ్లని ఒప్పుకోవద్దు.

వలల సంగతి. తడి వలలను పాత ఇనప ట్రస్సు కింది కడ్డీకి వేలాడదీయకండి, అది కప్పు బరువు మోయడానికి పెట్టింది. నేలమీద వేరే పందిరి నిలబెట్టండి. సరుగుడు గుంజలో రెండంగుళాల జీఐ పైపులో చాలు. వల అడుగు నేల నుంచి అడుగున్నర పైన ఉండాలి, గుంజలకు రేకు గొట్టాలు చుట్టాలి. లేకపోతే ఎలుకలు ఒక్క రాత్రిలో వేల రూపాయల వల కొరికేస్తాయి. నైలాను ఎండకి పెళుసెక్కుతుంది గనక నీడ దొరకడమే ఈ షెడ్డు వల్ల మొదటి లాభం. పెట్రోలు, కిరసనాయిలు, మోటార్లు మాత్రం వలలున్న హాల్లో వద్దు. వేరే గది, నేలకి ఆనుకుని గాలి కన్నాలు, ఎందుకంటే పెట్రోలు ఆవిరి కిందికి దిగి పాకుతుంది.

ప్రశ్న: పెంటకోట వైపు మా సంఘానికి దొరికిన పాత ఫ్యాక్టరీలో ఐసు నిలవ గది ఉంది. గోడల మధ్య ఊక నింపి ఉంది. ఐసు బయటినుంచి తెచ్చి ఆ గదిలో పెడితే నిలుస్తుందా?

జవాబు: ఆ ఊక అలాగే ఉంటే నిలవదు. బయటి తేమ చల్లని వైపుకి లాక్కుపోయి ఊకలో నీరవుతుంది, తడిసిన ఊక వేడిని ఆపదు. లెక్క చూడండి. గది 10 అడుగుల పొడవు, 10 వెడల్పు, 8 ఎత్తు అనుకుందాం. బయట 30 డిగ్రీలు. నాలుగంగుళాల థర్మోకోల్ సరిగ్గా వేస్తే గోడలు, కప్పు, నేల గుండా వచ్చే వేడికి రోజుకి సుమారు 130 కిలోల ఐసు కరుగుతుంది. తొమ్మిదంగుళాల ఉత్త ఇటుక గోడలాగా ఉంటే 700 కిలోలు దాటుతుంది. తలుపు తెరిచిన ప్రతిసారీ పోయేది దీనికి అదనం.

ఊకంతా తీసేయండి. గోడ ఆరాక లోపలి ముఖానికి తారు పూత, దానిమీద పాలిథిన్ షీటు. ఇది థర్మోకోల్‌కి వెచ్చని వైపున ఉండాలి. తిరగేసి ఐసు వైపు వేస్తే తేమ మధ్యలో చిక్కుకుని పాత కథే మళ్లీ జరుగుతుంది. దానిమీద రెండంగుళాల పలకలు రెండు వరసలు, ఒక వరస అతుకుల మీద రెండో వరస పలక మధ్యభాగం వచ్చేలా. లోపల చికెన్ మెష్ కొట్టి సిమెంటు పూత. నేల వాలు నూరడుగులకి ఒక అడుగు. నీళ్లు పోయే గొట్టానికి యూ వంపు ఉండాలి, లేకపోతే ఆ గొట్టం గుండానే వేడి గాలి లోపలికి వస్తుంది. సగం గది దారికి వదిలినా పొడిచేసిన ఐసు ఏడు టన్నుల దాకా పడుతుంది.

కిలో చేపను 30 డిగ్రీల నుంచి సున్నాకి దించడానికి నిజానికి 300 గ్రాముల పైచిలుకు ఐసే చాలు. కిలోకి కిలో ఐసు అని మనవాళ్లు వేసేది పెట్టె గుండా వచ్చే వేడికి, దారిలో కరిగేదానికి కలిపి. పెట్టెకి కూడా థర్మోకోల్ ఉంటే ఆ ఖర్చు తగ్గించుకోవచ్చు.

ప్రశ్న: పాత షెడ్డు మీద సిమెంటు రేకులు దింపేసి, వాటి మీదే చేపలు ఎండబెట్టుకోవచ్చా? పారేయడం ఎందుకని.

జవాబు: వద్దు. ఆ పాత సిమెంటు రేకులు ఆస్‌బెస్టాస్‌వి. విరిగినా కోసినా కన్నం పెట్టినా కంటికి కనపడని పోగులు లేచి ఊపిరితిత్తుల్లో దిగుతాయి, జబ్బు ఇరవై, ముప్పై ఏళ్లకు బయటపడుతుంది. ఎండకీ ఉప్పుగాలికీ పైపొర అరిగిన రేకు మరీ ప్రమాదం. దాని మీద మనం తినే చేప అసలే పెట్టకూడదు.

దింపేటప్పుడు పోగుల కంటే ముందు ప్రాణం తీసేది రేకు మీద నడవడం. కాలు వేసినచోట రేకు విరిగి మనిషి కింద పడతాడు. ట్రస్సుల మీద పలకలు పరిచి వాటి మీదే నడవాలి. రేకుల్ని నీళ్లలో కాస్త సబ్బు కలిపి బాగా తడిపి, జె హుక్కులు కోసి, విరగకుండా ఒక్కొక్కటే తాడుతో దించాలి. విసరొద్దు. గ్రైండర్ వాడొద్దు. ముక్కుకి తువ్వాలు చాలదు, పీ100 ఫిల్టరున్న మాస్కు కావాలి. దించినవాటిని మందపాటి పాలిథిన్‌లో రెండు చుట్లు చుట్టి పైన ఆస్‌బెస్టాస్ అని రాయించండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం దీనికి ప్రత్యేక కేంద్రం ఉంటుంది, ఉత్తరాంధ్ర వాళ్లకి పరవాడ దగ్గర.

కొత్త కప్పు వేసేటప్పుడు అంచులు, మూలలు, కొప్పు దగ్గర బిగింపులు రెట్టింపు పెట్టించండి. గాలి పీల్చేది అక్కడే ఎక్కువ. హుద్‌హుద్ లాంటి తుపానులో రేకు లేవడం మూలనుంచే మొదలవుతుంది. విశాఖ తీరానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెప్పే ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, లెక్క దానికే కట్టమని ఇంజినీరుకి చెప్పండి.

ప్రశ్న: షెడ్డు యజమాని పదకొండు నెలల అగ్రిమెంటు రాస్తానంటున్నాడు. తీసుకోమంటారా? తీరానికి దగ్గర గనక అధికారులు కూల్చేస్తారేమో?

జవాబు: పదకొండు నెలల కాగితం మీద ఊరి డబ్బు పెట్టకండి. బాగుచేసిన మరుసటేడు అద్దె పెంచితే మీ చేతిలో ఏమీ ఉండదు. పదేళ్లకు తక్కువ కాకుండా లీజు, సంఘం పేరుమీద. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సంతకానికి ముందు ఈసీ (ఆస్తి మీద తాకట్లు చూపే కాగితం) తీయండి, ఎందుకంటే ఇలాంటి ఆస్తులు చాలావరకు బ్యాంకు తాకట్టులో ఉంటాయి. కరెంటు బకాయి, పంచాయతీ పన్ను బకాయి ఎవరు కట్టాలో లీజులోనే రాయించండి.

తీర ప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల్లో మీకు అనుకూలమైన మాట ఉంది. 2011 ప్రకటనలోనూ 2019 ప్రకటనలోనూ చేపలు ఎండబెట్టే చోట్లు, వేలం హాళ్లు, వలలు బాగుచేసే చోట్లు, సంప్రదాయ పడవలు కట్టే చోట్లు, ఐసు ప్లాంట్లు స్థానిక మత్స్యకారుల అవసరాలుగా లెక్కకు వస్తాయి. దరఖాస్తులో "గోదాము" అని రాయకుండా సరిగ్గా ఆ మాటలే రాయండి. మెలిక ఒక్కటి: మరమ్మతు, తిరిగి కట్టడం అనే వెసులుబాటు ముందే అనుమతి ఉన్న కట్టడానికే. పాత ఫ్యాక్టరీకి అప్పట్లో ప్లాను మంజూరైన కాగితం సంపాదించండి. అది చేతికి వచ్చేదాకా ఒక్క గోడ కూడా పడగొట్టొద్దు, పునాది విస్తీర్ణం పెంచొద్దు.

ప్రశ్న: ఉప్పాడ రోడ్డులో మూతపడ్డ హేచరీ ఒకటి మా మహిళా సంఘానికి ఇస్తామంటున్నారు. సిమెంటు తొట్లు ఇరవై దాకా ఉన్నాయి. సావళ్లు, కవళ్లు ఉప్పు వేయడానికి పనికొస్తాయా? ఇప్పుడు ఇసకలోనే ఎండబెడుతున్నాం.

జవాబు: పనికొస్తాయి, కానీ ముందు తొట్టి లోపలి పూత చూడండమ్మా. నల్లగా, గోటితో గీస్తే తారు వాసన వచ్చే పూతయితే అది తారు కలిపిన ఎపాక్సీ. తినే చేప దానికి తగలకూడదు. అలాంటి పూత పూర్తిగా చెక్కించి, లోపల నున్నటి సిమెంటు పూత పూయించి, తాగునీటి ట్యాంకులకు వాడే రకం ఎపాక్సీ వేయించండి. హేచరీలో ఫార్మాలిన్, బ్లీచింగ్, మందులు వాడి ఉంటారు. నీళ్లు నింపి రెండు రోజులు ఉంచి వదలడం మూడుసార్లు చేయండి. ఇరవై తొట్లూ ఒకేసారి వద్దు. నాలుగుతో మొదలుపెట్టండి, రోజువారీ సరుకుకి ఎన్ని కావాలో నెలలో తెలుస్తుంది.

ఉప్పు పాళ్లు చేప పరిమాణాన్ని బట్టి. కడుపు చీల్చిన పెద్ద చేపకి మూడు కిలోలకి కిలో ఉప్పు, సావళ్ల లాంటి వాటికి నాలుగైదు కిలోలకి కిలో. నెత్తళ్లకి ఉప్పు అక్కర్లేదు, కడిగి నేరుగా ఎండకే. అడుగున ఉప్పు పొర, చేప, ఉప్పు, చేప, పైన మళ్లీ ఉప్పు. పైన చెక్కపలక, దాని మీద రాయి. ఊరిన నీళ్లలో చేప మునిగి ఉండాలి, తేలిన చేప కుళ్లుతుంది. ఒక రాత్రి నుంచి పూర్తి రోజు దాకా ఉంచి, పైకి తీసి ఉప్పునీళ్లలోనే ఒకసారి జాడించి ఎండబెట్టండి. మంచినీళ్లలో కడిగితే పై ఉప్పు పోయి ఈగ వాలుతుంది.

ఎండు చేప ఎర్రబారడం గురించి తప్పకుండా తెలుసుకోవాలి. అది చేప నెత్తురు కాదు. ఉప్పులోనే బతికే ఒక సూక్ష్మజీవి, మడి ఉప్పుతోనే వస్తుంది. వాడిన ఉప్పు మళ్లీ వాడితే తొట్టి తొట్టికీ పాకుతుంది. ఒక తొట్టిలో ఎరుపు కనపడితే ఆ ఉప్పంతా పారేసి, తొట్టి బ్లీచింగు నీళ్లతో కడిగి, మూడు రోజులు ఎండలో ఆరనివ్వండి.

ఇసక మీద ఎండబెట్టడం ఆపేయండి. అడుగు వైపు తేమ పోదు, ఇసక పంటికి తగిలితే ధర సగమవుతుంది. హేచరీ గచ్చు నేల కూడా మధ్యాహ్నం కాలిపోయి చేపను ఉడకబెట్టేస్తుంది. ఆ గచ్చు మీదే సరుగుడు గుంజలు పాతించి మంచెలు కట్టండి. మూడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు. అంతకన్నా వెడల్పైతే నడుము వంచినా మధ్య చేప చేతికందదు. మంచెకీ మంచెకీ మధ్య రెండున్నర అడుగుల దారి. పైన పాత నైలాను వల బిగించి పరిస్తే కింద గాలి ఆడుతుంది. చేప ఒక్క వరసే, గంటన్నరకోసారి తిప్పాలి. సాయంత్రం హేచరీ హాల్లోకి చేర్చాలి, మంచు పడితే రోజు పని వృథా. మీ తొట్లకి నీడగా, రాత్రి చేప మీద మంచు పడకుండా ఆ హాలు కప్పు గట్టిదైతే చాలు, గోడలు కూడా అక్కర్లేదు.

ప్రశ్న: భీమిలి దగ్గర మా అత్తగారిది చుట్టిల్లు, తాటాకు కప్పిన గుండ్రటి మట్టి ఇల్లు. నాలుగేళ్ల కిందట గోడకి సిమెంటు పూయించాం, ఇప్పుడు అది పలకలుగా ఊడుతోంది, అడుగున మట్టి రాలుతోంది. ఊళ్లో గోదాము బాగుచేసి గదులుగా కట్టి ఇస్తాం, చుట్టిల్లు తీసేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: చుట్టిల్లు ఉంచుకోండమ్మా. గోదాములో గదులు వద్దు. ఇంజినీరు కట్టించిన గోదాము గోడలకు కిటికీలుండవు, రేకు కింద మే నెలలో పడుకోలేరు, పసిపిల్లలు, ముసలివాళ్లు ఉంటే మరీ కష్టం. గోదామును వలలకీ ఉప్పుకీ ఎండు చేపకీ ఇవ్వాలి. ఇల్లు ఇల్లుగా ఉండాలి. మీ ఇంటి జబ్బుకి సగం కారణం ఇంట్లో ఉండకూడనివన్నీ ఉండటమే. తడి వల, ఉప్పు బస్తా, ఎండు చేపల గంప ఉన్న ఇంట్లో గోడ తేమ తాగుతుంది, ఎలుక మట్టి తొలుస్తుంది, అటక మోయలేని బరువు మోస్తుంది. అవన్నీ షెడ్డుకి పోతే చుట్టిల్లు సగం కోలుకున్నట్టే.

చుట్టిల్లు గుండ్రంగా ఉండటం అలంకారం కోసం కాదు. గాలికి ఎదురు నిలిచే చదునైన గోడ ఉండదు, గాలి పక్కలకి జారిపోతుంది. తాటాకు కప్పు మనిషి నడుం ఎత్తు దాకా దిగి ఉండటంతో గాలి కిందనుంచి దూరి కప్పును లేపదు, వాన గోడకి పెద్దగా తగలదు.

సిమెంటు ఎందుకు ఊడిందంటే, నేలలోంచి ఉప్పుతో కలిసి ఎక్కే తేమ మట్టిగోడలోంచి ఆవిరవాలి. సిమెంటు ఆ దారి మూసేస్తే తేమ ఇంకా పైకెక్కుతుంది, ఉప్పు సిమెంటు వెనక గడ్డకట్టి దాన్ని తోసేస్తుంది, మట్టిని పిండి చేస్తుంది. ఫిబ్రవరి, మే మధ్యలో సిమెంటు మొత్తం తీయించండి. మూడు వారాలు ఆరనివ్వండి. పొడిబారిన మట్టిని గట్టి మట్టి తగిలేదాకా గీకేయండి. పూడ్చడానికి చెరువు మట్టి తెప్పించండి, సముద్రపు ఇసక వద్దు. మట్టిలో ఉప్పుందేమో చూడాలంటే గుప్పెడు మట్టి నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు పళ్లెంలో ఎండనివ్వండి. తెల్లటి పొర మిగిలితే ఆ మట్టి పనికిరాదు. మంచి మట్టిలో తరిగిన గడ్డి వేసి తొక్కి వారం నాననివ్వండి. పాత గోడ తడిపి, కొంచెం కొంచెంగా కొట్టి పూడ్చండి. ఒకేసారి మందంగా వేస్తే ఆరేటప్పుడు బీటలు వస్తాయి.

పైపూతకి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇచ్చిన పద్ధతి ఉంది. తారు 100 పాళ్లు, కిరసనాయిలు 20, మైనం 1. తారునీ మైనాన్నీ కాచి, పొయ్యికి దూరంగా తీసుకెళ్లాకే కిరసనాయిల్లో కలిపి, ఆ ద్రవాన్ని నానిన మట్టిలో వేసి తొక్కుతారు. అరంగుళం మందం పూత వానకి కరగదు. దీన్ని వాన తగిలే బయటి వైపుకే వాడండి, లోపలి వైపు మామూలు మట్టి పూతే వేసి తేమకి దారి ఉంచండి. పూత మీద పేడ, మట్టి కలిపి అలకాలి.

చుట్టూ అరుగు బయటికి వాలి ఉండాలి. చూరు గోడ దాటి రెండడుగులు రావాలి. తాటాకు రెండు, మూడేళ్లకోసారి మార్చాల్సిందే, తప్పించుకునే మార్గం లేదు. కానీ మార్చేటప్పుడు వాసాలన్నీ పైన కలిసే చోట కట్లు విప్పి చూడండి, కుళ్లు మొదలయ్యేది అక్కడే. తుపాను హెచ్చరిక రాగానే పాత వల కప్పు మీద పరిచి, అంచులు నేలలో కొట్టిన మేకులకి కట్టే పద్ధతి మన తీరంలో ఉన్నదే, అది ఆకు లేవకుండా ఆపుతుంది. అయినా పెద్ద తుపానుకి ఇంట్లో ఉండొద్దు, షెల్టరుకే వెళ్లాలి.

ప్రశ్న: ఫ్యాక్టరీ కూల్చిన కాంక్రీటు ముక్కలు సముద్రంలో వేస్తే చేపలు చేరతాయంటున్నారు. వేయొచ్చా?

జవాబు: సొంతంగా వేయొద్దు. చేపలు చేరేలా సముద్రంలో వేసే కట్టడాలను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రత్యేక ఆకారాల్లో, కన్నాలతో పోయించి, అడుగు నేల గట్టిదనం, లోతు చూసి, ఏ వల ఎక్కడ తిరుగుతుందో మత్స్యకారుల్ని అడిగి మరీ వేస్తుంది. విడి ముక్కలు మొదటి ఏడే ఇసకలో కూరుకుపోతాయి, లేదా అలకి దొర్లి, ఒడ్డు నుంచి అలివి వల లాగే చోటికి వస్తాయి. బయటికి పొడుచుకొచ్చిన కమ్మీ ఒక్కటి చాలు, వల చీరేయడానికి. ముక్కలు మీకు ఒడ్డునే కావాలి. కమ్మీ తీసేసి రెండంగుళాల సైజుకి కొట్టించి, చేపలు ఎండబెట్టే మంచెల మధ్య దారుల కింద ఆరంగుళాల పొరగా పరిచి దిమ్మిస కొట్టించండి. చుట్టిల్లు అరుగు కింద మాత్రం ఉప్పునీటి తొట్టి దగ్గరి ముక్కలు వాడకండి, ఆ ఉప్పు మళ్లీ గోడకే ఎక్కుతుంది.